దీపం కొండెక్కితే ఓడకేమీ కాదు

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది గాజువాక. మా ఆయన సరుకు ఓడలో ఫిట్టరు. తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద వెళ్లారు. ఆయన బదులు ఎక్కాల్సిన రిలీవరు దొరకలేదని సైన్ ఆఫ్, అంటే ఓడ దిగే రోజు, వెనక్కి జరుగుతూనే ఉంది. ఇంట్లో నేను, మా అత్తగారు, ఎనిమిదేళ్ల బాబు ఉంటాం. అత్తగారికి భక్తి ఎక్కువ, మంచిదే. కానీ సాయంత్రం బాబు ఆటలోంచి రానంటే, "నువ్వు దీపానికి దణ్ణం పెట్టకపోతే నాన్న ఓడకేటవుద్దో" అంటారు. ఓడ ఎక్కడుందో చూపించే యాప్‌ని వాడు నా ఫోన్లో రోజూ చూస్తాడు. మొన్నొక సాయంత్రం గాలికి దీపం కొండెక్కింది. ఆ రాత్రే యాప్‌లో ఓడ బొమ్మ కనిపించకుండా పోయింది. ఒకటే ఏడుపు, తెల్లారేసరికి జ్వరం. అప్పట్నుంచి రాత్రిళ్లు లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్లి చూసొస్తున్నాడు. ఇంకో రెండు సంగతులు. శ్రావణంలో సత్యనారాయణ వ్రతం చేసుకుంటానంటే, భర్త పక్కన లేకుండా పీటల మీద కూర్చోకూడదంటున్నారు అత్తగారు. ఆయనేమో సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకున్నారు, ఈ ఆషాఢానికి వచ్చేలా లేరు. ఆయన బదులు నేను నడిస్తే మొక్కు తీరినట్టేనా?

జవాబు: ముందు పిల్లాడి సంగతి చూద్దాం తల్లీ, వ్రతం, మొక్కు తరవాత.

ఓడ బొమ్మ ఎందుకు మాయమైందో వాడికి ఈ రోజే చెప్పండి. పెద్ద ఓడలన్నిట్లోనూ ఏఐఎస్ అని ఒక రేడియో పరికరం ఉంటుంది. నేను ఫలానా ఓడని, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను అని అది మాటిమాటికీ చెప్తూనే ఉంటుంది. వినే యాంటెనాలు ఒడ్డున ఉంటాయి. భూమి గుండ్రం కదా, ఓడ కొన్ని పదుల మైళ్లు దాటిందంటే ఆ మాట ఒడ్డుకి అందదు. నడిసముద్రంలో ఉపగ్రహాలు వింటాయి గానీ, డబ్బు కట్టకుండా వాడే యాప్‌లు చాలావరకు దాన్ని చూపించవు. అంటే ఆ రాత్రి ఓడ ఒడ్డుకి దూరం జరిగింది, అంతే.

నోటితో చెప్తే సరిపోదు. ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. రేవులో చోటు కోసం లంగరేసుకుని కాచుకున్న ఓడలు కనిపిస్తాయి. యాప్ తెరిచి వాటి పేర్లు వాడి చేతే చదివించండి. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి బయటికి పోయే ఓడ ఏదైనా ఉంటే, కంటికి ఆనకుండా పోయేదాకా కూర్చోండి. కంటికి కనిపించని ఓడ యాప్‌లో ఇంకా ఉంటుంది. ఆ పైన యాప్‌లోంచీ పోతుంది. ఓడ మాత్రం పోతూనే ఉంటుంది.

ఇంకో పని ఆయనకి చెప్పండి. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఓడలో ప్రతి మనిషీ నెలకోసారైనా డ్రిల్‌లో పాల్గొనాలి. ఓడ వదిలి పడవ ఎక్కడం ఒకటి, మంటలార్పడం ఒకటి. నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని లైఫ్ బోట్ పక్కన నిలబడి ఒక వీడియో తీసి కొడుక్కి పంపమనండి. దేవుడున్నాడు, లైఫ్ బోటూ ఉంది అని వాడికి తెలియాలి. ఈ రెండో మాట చెప్పడానికి మన ఇళ్లలో ఎందుకో మొహమాటపడతారు.

ఇక దీపం. విశాఖలో కిటికీ తీసి దీపం పెడితే సముద్రపు గాలి ఊరుకుంటుందా? మళ్లీ ఒత్తి సవరించి వెలిగిస్తాం. ఈసారి కొండెక్కినప్పుడు కంగారు పడకుండా వాడినే పిలిచి నూనె పొయ్యమనండి, మీరు వెలిగించండి. నాలుగుసార్లు అలా జరిగితే వాడికే అలవాటవుతుంది. సరుకు ఓడలో ఇరవై మంది, పాతిక మంది ఉంటారు. ఒకరిది ఫిలిప్పీన్స్, ఒకరిది ఉక్రెయిన్, ఒకరిది మన శ్రీకాకుళం. వాళ్ల పిల్లలందరూ సాయంత్రం ఆరున్నరకి దణ్ణాలు పెడుతున్నారా? ఎనిమిదేళ్ల వాడి చేతుల మీద అంత ఓడని మొయ్యమనడం నాకు భక్తిలా కనిపించదు.

అలాగని అత్తగారితో గొడవకి దిగకండి. ఓడలో ఉన్నది మీ భర్తే కాదు, ఆవిడ కొడుకు కూడా. భయం ఆవిడది, అది మనవడి మీదుగా బయటికొస్తోంది. మా ఆయన ఓడల్లో తిరిగిన రోజుల్లో చేతుల్లో ఈ ఫోన్లెక్కడివి! తరవాతి రేవులో ఏజెంటు కేరాఫ్ ఉత్తరం రాసేవాళ్లం. ఉత్తరం చేరేలోపు ఓడ వెళ్లిపోతే ఆ కాగితం రేవు రేవూ తిరిగేది. మా అత్తగారు గురువారం పూట బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్లేది. అక్కడ అమ్మవారి నెత్తిన కప్పు లేదు, ఎవరి చేత్తో వాళ్లే పసుపూ కుంకుమా వేసుకోవచ్చు. వేసి, "నా కొడుకు నీళ్ల మీదున్నాడు, చూసుకో" అని గొణుక్కునేది. పిల్లల చెవిన మాత్రం ఆ మాట పడనిచ్చేది కాదు. మీ అత్తగారినీ అక్కడికి తీసుకెళ్లండి. ఆవిడ చెప్పుకోవాల్సింది అమ్మవారికి చెప్పుకుంటుంది, బాబుకి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆ బెదిరింపు మానాలన్న మాట మాత్రం మీ నోట రాకూడదు, కోడలు నేర్పుతోందనిపిస్తుంది. ఆయన ఫోన్ చేసినప్పుడు ఆయన చేతే, "అమ్మా, వాణ్ణి భయపెట్టకే, నేను బాగానే ఉన్నాను" అనిపించండి. కొడుకు మాటకి ఉండే బలం మన మాటకి లేదు, ఇది యాభై ఏళ్ల నాటి సంగతి కాదు, ఇవాళ్టిదీ ఇంతే.

నాన్న ఎప్పుడొస్తాడని బాబు అడిగితే తారీఖు చెప్పకండి. రిలీవరు రాక తారీఖు జరిగితే మీరు అబద్ధమాడినట్టవుతుంది. అయితే హద్దు లేకపోలేదు. 2015లో మన దేశం కూడా ఆమోదించిన సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం పన్నెండు నెలలు నిండేలోపే నావికుణ్ణి ఇంటికి పంపే ఏర్పాటు కంపెనీ చెయ్యాలి, ఆ ఖర్చూ కంపెనీదే. ఓడల్లో సిబ్బందికి ఇంటర్నెట్ సదుపాయం వీలైనంతవరకు కల్పించాలని 2024 డిసెంబరు 23 నుంచి అదే ఒడంబడికలో నిబంధన వచ్చింది. మీ ఆయనకి ఈ రెండూ తెలిసే ఉంటాయి, అయినా గుర్తుచెయ్యండి.

వ్రతానికి వద్దాం. భర్త లేకుండా చెయ్యకూడదన్న పెద్దావిడని, ఆ వ్రత కథే మళ్లీ ఒకసారి చెప్పమనండి. సాధు అనే వర్తకుడు అల్లుణ్ణి వెంటబెట్టుకుని దూరదేశం వ్యాపారానికి పోతాడు, అక్కడ దొంగతనం అంటగట్టి చెరలో వేస్తారు. ఇక్కడ ఇంట్లో వ్రతం చేసిందెవరు? లీలావతి, కళావతి, అంటే భార్యా కూతురూ. పీటల మీద వాళ్ల పక్కన మొగుళ్లున్నారా? వాళ్లు చేసిన వ్రతానికే కదా చంద్రకేతు మహారాజు కలలో స్వామి కనిపించి, వాళ్లని వదిలిపెట్టమన్నది! కాబట్టి నిశ్చింతగా కూర్చోండి. సంకల్పంలో మీ ఆయన గోత్రం, పేరు కూడా చెప్పమని పంతులుగారితో ముందే అనుకోండి.

ఒక్క జాగ్రత్త. ఆ కథలోనే కళావతి మొగుడొచ్చాడన్న సంబరంలో ప్రసాదం తినకుండా రేవుకి పరిగెత్తుతుంది, ఓడ మునిగిపోతుంది. మీ అత్తగారి మాటకి మూలం ఇదేనేమో. ఆ ఘట్టం వచ్చేసరికి బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఓడ మునిగిందని విని మధ్యలో లేచి పోకూడదు. ఆవిడ తిరిగొచ్చి ప్రసాదం తింటుంది, ఓడ మొగుడితో సహా పైకి తేలుతుంది, అక్కడిదాకా వినాలి. ఇచ్చిన మాట ఏళ్ల తరబడి వాయిదా వేసిన పెద్దవాళ్ల కథ అది, ఆటలో పడి దణ్ణం మర్చిపోయిన పిల్లాడిది కాదని కూడా చెప్పండి. నిజం చెప్పొద్దూ, మా ఆయన ఓడ ఔటర్ హార్బర్‌కొచ్చిందంటే నేనైనా ప్రసాదం తిని వెళ్లేదాన్నా అని ఆ కథ విన్నప్పుడల్లా నాకు అనుమానమే.

గిరి ప్రదక్షిణకి మీరు వెళ్తానంటే హాయిగా వెళ్లండి, కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లూ నడవండి, అది మీ ఖాతాలోది. ఆయన మొక్కు ఆయన కాళ్లే తీర్చాలి. అక్షయ తృతీయనాడు ఒక్కరోజే చందనం తీయించుకుని మిగతా ఏడాదంతా కప్పుకుని కూర్చునే అప్పన్న, వచ్చే ఆషాఢం దాకా ఆగలేడా?

ప్రశ్న: మేం కాథలిక్కులం, పాతపట్నంలో ఉంటాం. నా భార్య దోహాలో నర్సు. పాప పదేళ్లది, మొదటి సత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కి) తయారవుతోంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ముగ్గురం ఫోన్లో కలిసి జపమాల చెప్పుకోవాలని ఆవిడ పట్టుదల. డ్యూటీ వల్ల సగం రోజులు ఆవిడకే కుదరదు. ఫోనెత్తగానే "ప్రార్థన చేశావా?" అని అడుగుతుంది, పాప ఈ మధ్య అమ్మ ఫోనంటేనే బాత్రూంలోకి దూరుతోంది. ఏం చెయ్యాలి?

జవాబు: బాబూ, మీ మతం సంగతులు మా వీధి చివరి కాన్వెంటు సిస్టర్‌ని అడిగే రాస్తున్నాను. ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మీకు రాత్రి ఎనిమిదంటే ఆవిడకి సాయంత్రం అయిదున్నర, పగటి షిఫ్టయితే వార్డులోనే ఉంటుంది. రోజూ కలవాలన్న నియమం నర్సు ఉద్యోగంతో పొసగదు. రోజూ ఇంట్లో మీరూ పాపా జపమాలలో ఒక్క దేవరహస్యం, అంటే అయిదు భాగాల్లో ఒకటి, చెప్పుకోండి, అయిదూ అక్కర్లేదు. మొత్తం జపమాల ముగ్గురూ కలిసి వారానికోసారి, అదీ ఆవిడ డ్యూటీ చార్టు చూసి. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి మెసయిమీర్‌లో ఉన్న చర్చిల ఆవరణలో ఆ రోజు జనం ఎక్కువ. పూజకి వెళ్లిన రోజు అక్కడ ఏం చూసిందో, పక్కన ఏ దేశం వాళ్లు కూర్చున్నారో పాపకి చెప్పమనండి, పాప ఇక్కడ రాస్ హిల్ చర్చి మెట్లెక్కి వచ్చిన సంగతి చెప్తుంది. "ప్రార్థన చేశావా" అన్న ప్రశ్నని ఆవిడ నెల రోజులు మానెయ్యాలి. అన్నం తిన్నావా, లెక్కల టీచరు తిట్టిందా, ఇవి అడగమనండి. సత్ప్రసాదం రోజుకి సెలవు దొరకదని ముందే తెలిస్తే, ఆ తెల్ల గౌను మాత్రం ఆవిడే ఎంచాలి. వీడియో కాల్‌లో దుకాణంవాడితో బేరం కూడా ఆవిడనే ఆడనివ్వండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మాది పెందుర్తి. నాన్న సౌదీలో వెల్డరు. ప్రతిసారీ వినాయక చవితి పూజ నాన్నే చేసేవాడు. ఈసారి నేను చెయ్యొచ్చా? మంత్రాలు సరిగ్గా పలకలేను.

జవాబు: చెయ్యి నాయనా, మంత్రాలు తప్పితే వినాయకుడు బెత్తం తీసుకోడు. పూజా పుస్తకంలో తెలుగు తాత్పర్యం ఉంటుంది, అది పైకి చదువు. 21 రకాల పత్రీ దొరకాలనేం లేదు, పూర్ణా మార్కెట్లో కట్ట కట్టి అమ్ముతారు, అందులో ఏముంటే అదే. మీ అమ్మని పక్కన కూర్చోమను, ఆవిడ వంటింట్లోనే ఉండిపోతుంది, అది ఒప్పుకోకు. శమంతకమణి కథ చదివేటప్పుడు నాన్నకి ఫోన్ చెయ్యి. నీకు ఉదయం పదకొండంటే ఆయనకి ఎనిమిదిన్నర, పనిలో ఉంటే ముందురోజు రాత్రే అడిగి విరామం ఎప్పుడో కనుక్కో. వాళ్ల క్యాంపులో రాత్రి బయటికొస్తే చంద్రుడు కనబడకుండా ఉండడు. ముందే కథ విని, నాలుగు బియ్యపు గింజలు నెత్తిన వేసుకుంటే నీలాపనిందలు రావని ఆయనకి చెప్పు. సూపర్‌వైజరున్న ఉద్యోగం కదా, పనికొస్తుంది.