కానాగంత కడుపులో తెల్ల చుట్టలు

ప్రశ్న: కానాగంతల్ని కోస్తే కాలేయం మీద, పేగుల చుట్టూ గడియారం స్ప్రింగులా చుట్టుకున్న తెల్లటి పురుగులు కనిపించాయి. ఇవి అనిసాకిస్ అనే పరాన్నజీవి పురుగులేనా? ఎలా తేల్చుకోవాలి? కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపు ఉంది. ఆ చేపలు తినొచ్చా?
– ఫిషరీస్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: చుట్ట చూడగానే అనిసాకిస్ అనేయడం మామూలుగా జరిగే పొరపాటు. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, పల్చటి పొరలో చదునుగా చుట్టుకోవడం దాని లక్షణాలే. కానీ దాని చుట్టాలు కూడా అలాగే పడుకుంటాయి. అసలు ఆనవాలు లోపల, అన్నవాహిక పేగుతో కలిసేచోట ఉంటుంది.

ఫోర్సెప్స్‌తో లాగకండి, తల తెగుతుంది. తల లేకపోతే పేరు తేలడం కష్టం. సూదులతో పొర చీల్చి 0.9 శాతం ఉప్పునీళ్లలో వదిలితే పురుగే బయటికొస్తుంది. ఆల్కహాల్ 70 శాతంది తీసుకుని, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీలకు తెచ్చి అందులో వేయండి. మంట మీద నేరుగా పెడితే అంటుకుంటుంది! ఆ వేడికి పురుగు నిటారుగా సాగి చస్తుంది. చల్లటి ఫార్మలిన్‌లో వేస్తే మెలితిరిగి బిగుసుకుపోతుంది, పైగా డీఎన్‌ఏ పరీక్షకు పనికిరాకుండా పోతుంది. తర్వాత ఓ రాత్రి లాక్టోఫినాల్ అనే ద్రావణంలో ఉంచితే ఒళ్లు తేటపడుతుంది.

ఇక అన్నవాహిక చివర వెంట్రిక్యులస్ అనే చిన్న భాగాన్ని వెతకండి. అది పొడవుగా ఉండి, ముందుకు (తల వైపు) గానీ వెనక్కి (తోక వైపు) గానీ తిత్తి లేకపోతే అనిసాకిస్. పేగు నుంచి ముందుకు ఒక తిత్తి మాత్రమే ఉంటే సూడోటెర్రనోవా. ఇది కాస్త పెద్దది, ఎర్రగోధుమ రంగు. వెనక్కి మాత్రమే ఉంటే రాఫిడాస్కారిస్. రెండువైపులా ఉంటే ఇంకో మెట్టు ఎక్కాలి: విసర్జన రంధ్రం పెదవుల దగ్గరుంటే కాంట్రసీకమ్, కిందికి నాడీవలయం (అన్నవాహిక చుట్టూ ఉండే నరాల కట్టు) దగ్గరుంటే హిస్టెరోథైలాసియమ్.

అనిసాకిస్ అని తేలాక తోక చూడండి. మొద్దుగా ఉండి కొసన చిన్న ముల్లుంటే మొదటి రకం. చేపలో ఉండేది లార్వా, అంటే పిల్ల దశ. అందులో అంతకుమించి జాతి పేరు ఆకారంతో చెప్పలేం, పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష కావాల్సిందే. గుడ్ల సంచిలో కనిపించే ఎర్రటి దారాలు మాత్రం వేరు, అవి ఫిలోమెట్రా అనే మరో రకం పురుగులు.

తినడం సంగతి: చేప చచ్చాక లార్వాలు పేగుల్లోంచి కండలోకి పాకగలవు, కాబట్టి కొన్న వెంటనే పొట్ట శుభ్రం చేయండి. ముక్క మధ్యలో కూడా 63 డిగ్రీలు దాటేలా ఉడకాలి. పులుసు బాగా మరిగితే చాలు. లేదా మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టించాలి. నిమ్మరసం, వెనిగర్ నమ్ముకోవద్దు. ఈ పురుగుతో ఇప్పటికే అలర్జీ వచ్చినవాళ్లకు ఉడికిన చేపతోనూ దద్దుర్లు రావచ్చు, దాని ప్రోటీన్లలో కొన్ని వేడికి చెడవు.