రంజన్‌లో నీళ్లు 27 డిగ్రీల దగ్గర ఆగిపోతే అది సమతాస్థితేనా?

గది 40 డిగ్రీలున్నా రంజన్‌లో (నీళ్లు చల్లబరిచే మట్టి కుండలో) నీళ్లు గంటల తరబడి 27 దగ్గరే ఉన్నాయి, మారట్లేదు కాబట్టి ఇది ఉష్ణగతిక సమతాస్థితే కదా అని అడిగారు. కాదండీ, ఇది నిలకడ స్థితి. ఉష్ణోగ్రత మారకపోవడం ఒక్కటే చాలదు. వేడి గానీ నీరు గానీ నికరంగా ఎటూ పారకూడదు. రంజన్‌లో రెండూ పారుతూనే ఉన్నాయి.

లెక్క చూడండి. ఆ వేడిలో ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,430 జౌళ్లు కావాలి. కుండ గోడ రంధ్రాల్లోంచి ఊరి గంటకు 50 గ్రాములు ఆవిరైతే సుమారు 34 వాట్ల వేడి పోతున్నట్టు. గది గాలి నుంచి కూడా అంతే వేడి లోపలికొస్తోంది. రాకా పోకా సమానమయ్యాయి కాబట్టే ముల్లు కదలట్లేదు.

నమ్మకం కుదరకపోతే లీటరు పట్టే చిన్న కుండతో చేసి చూడండి. నింపి, వంటింటి కాటా మీద గంట గంటకూ తూచండి. బరువు తగ్గుతోందంటే సమతాస్థితి లేనట్టే. తర్వాత కుండ మొత్తాన్ని, అడుగుతో సహా, పాలిథిన్ కవర్లో బిగించి కట్టండి. మూతి ఒక్కటే కడితే లాభం లేదు, ఆవిరయ్యేది ముఖ్యంగా గోడ నుంచి. కవర్లోని గాలి ఆవిరితో నిండాక నీటి నుంచి ఎన్ని అణువులు లేస్తాయో అన్నీ తిరిగొస్తాయి. పొద్దున కడితే సాయంత్రానికి నీళ్లు గది వేడికి వచ్చేస్తాయి. అప్పుడు ఉష్ణోగ్రతా సమానం, నీటి రసాయన పొటెన్షియల్ (నీరు ఒకచోటి నుంచి మరోచోటికి పోవాలనే మొగ్గు) కూడా కుండలోనూ గాలిలోనూ సమానం. అసలు సమతాస్థితి అది. థర్మామీటరు గోడకు ఆనకుండా నీటి మధ్యలో ఉంచి, ఒకసారి కలిపాకే చూడాలి.

27 ఎందుకంటారా? గాలి 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు గాలిలో చూపేది) 23 దగ్గర ఉంటుంది. కుండ దానికి కొంచెం పైనే ఆగుతుంది. అదే వానాకాలంలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే తడి బల్బే 27. ఇక చల్లబడే చోటేది?

మన నల్లగొండ వైపు బోరు నీళ్లయితే ఇంకోటి గమనించాలి. ఉప్పులు రంధ్రాల్లో పేరుకుని పాత రంజన్ సరిగా చల్లబడదు, బరువు తగ్గడం కూడా మందగిస్తుంది. చల్లబడ్డాయని ఆ నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గిందనుకోకండి. ఆవిరిగా పోయేది నీరే, ఫ్లోరైడ్ కాదు.