తాతగారి ట్వెల్వ్ బోర్ తుపాకీకి తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకోవచ్చా?

అచ్చంపేట వైపు తాతగారి లైసెన్సు తుపాకీ ఉందని, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను అమెరికా వీడియోల్లోలా మళ్లీ నింపవచ్చా అని ఒకరు అడిగారు. నా సమాధానం: వద్దు.

కాల్చాక ట్వెల్వ్ బోర్ తూటా గొట్టం చాలావరకు చెక్కుచెదరకుండా మిగులుతుంది. దానికి కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న మూత), తుపాకీ మందు, మందుకూ రవ్వలకూ మధ్య అడ్డు, రవ్వలు చేరిస్తే మళ్లీ పేలుతుంది. అమెరికాలో ఖర్చు తగ్గుతుందనీ, తమ తుపాకీకి నప్పే తూటా తయారవుతుందనీ చాలామంది దీన్ని అభిరుచిగా చేస్తారు. అక్కడా పొరపాటున మందు రెండుసార్లు పడితే తుపాకీ గొట్టం పగిలి చేతులు పోవచ్చు.

మన దగ్గర అసలు చిక్కు 1959 ఆయుధాల చట్టం. తాతగారి లైసెన్సు ఉన్నది తుపాకీని ఉంచుకోవడానికే; తయారీకి సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. అది లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత, కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. చాలామందికి తెలియని మెలిక ఇంకొకటి: తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా చట్టం దృష్టిలో మందుగుండే. ఆన్‌లైన్లో తూటాలు నింపే ప్రెస్ యంత్రం తెప్పించినా చిక్కే.

వేరుశనగ చేలలో అడవి పందుల బెడద కోసమైతే, అది అటవీ శాఖ అనుమతి వ్యవహారం. తూటాలు చౌకైనంత మాత్రాన కాల్చే హక్కు రాదు. గురి సరదా అయితే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మేలు. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది దానితోనే.