పాచికలు వేసి లెక్కపెట్టడానికి లూప్ చాలదా, ఈ అర్రేల గోల ఎందుకు?

కంప్యూటర్‌తో వెయ్యిసార్లు పాచిక వేయించి, ఏ సంఖ్య ఎన్నిసార్లు పడిందో చెప్పడానికి ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే ఫార్ లూప్ ఒకటి చాలు కదా, మళ్లీ పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నంపై అనీ, ఏపీఎల్ అనే భాష అనీ అర్రేల, అంటే సంఖ్యల పట్టికల వెంట పడటం దేనికని అడిగారు. లూప్‌తో జవాబు వస్తుంది, కాదనను. బీటెక్ నాలుగేళ్లూ నేను లూపులతోనే నెట్టుకొచ్చాను. నా కళ్లు తెరిపించింది మా నాయినమ్మ గవ్వలు.

మాది దేవరకొండ దాటి డిండి పోయే తోవలో ఒక ఊరు. మూడేళ్ల కింద దసరాకు ఇంటికి పోయాను. పండుగ తెల్లారి మధ్యాహ్నం, ఇంట్లో అందరూ తిని పడుకున్నారు. అరుగు మీద నాయినమ్మ, పక్కింటి పెద్దమ్మ అష్టా చెమ్మా ఆడుతున్నారు. సుద్దముక్కతో గీసిన గడులు, కాయలుగా గాజుముక్కలు, చింతగింజలు, వేయడానికి నాలుగు గవ్వలు. ఎన్ని గవ్వలు నోరు పైకి పడితే అన్ని గడులు. నాలుగూ నోరు పైకి పడితే చెమ్మ. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8.

నేను చేసే ఉద్యోగం మీద ఆమెకు ముందునుంచీ అనుమానమే. రోజంతా కూర్చునే పని పనే కాదని ఆమె లెక్క. సరే చూపిద్దామని లాప్‌టాప్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పడేవి ఐదే కదా: 1, 2, 3, 4, 8. ఆ ఐదింట్లో ఏదో ఒకటి తీయమని చెప్పి, లూప్ పదివేల సార్లు తిప్పాను. ఒక్కోటి రెండువేల దగ్గర వచ్చింది. గొప్పగా చదివి వినిపించాను.

నాయినమ్మ గవ్వలు చేతిలోనే పట్టుకుని, "ఐదుసార్లకు ఒక అష్టనా? గిట్ల పడితే ఆట పొద్దుగూకక ముందే ఒడుస్తది బిడ్డా. నీ మిషన్ల దొంగాట ఉన్నది" అంది. పెద్దమ్మ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తప్పు ఎక్కడుందో అప్పుడు వెలిగింది. నేను గవ్వలు వేయనే లేదు, పందెం పేరు మీద చీటీ తీశాను. గవ్వలు వేయాలంటే పదివేల అడ్డు వరసలు, నాలుగు నిలువు వరసలు ఉన్న పట్టిక కావాలి. ప్రతి గడిలో 0 గానీ 1 గానీ. బోర్లా పడితే 0, నోరు పైకి పడితే 1. ప్రతి అడ్డు వరసను కూడితే ఒక పందెం. ఆ మొత్తాలను నంపైలోని బిన్‌కౌంట్‌కు ఇస్తే 0 నుంచి 4 దాకా ఏది ఎన్నిసార్లో చెప్తుంది. సున్నా గడే అష్ట. మొత్తం రెండు మూడు లైన్లు, లూప్ లేదు. ఈసారి అష్ట 600 పైచిలుకు, ఒకటి 2500 దగ్గర, రెండు 3750 దగ్గర, మూడు మళ్లీ 2500, చెమ్మ అష్టతో సమానం. పదహారు రకాలుగా పడే నాలుగు గవ్వల్లో అష్టకు ఒక్కటే దారి, రెండుకు ఆరు దారులు. పుస్తకం ప్రకారం తిరుగులేదు.

నాయినమ్మ ఒప్పుకుంటే కదా. "గింత తక్కువ గూడ పడది. చెమ్మకు అష్ట సమానమా? చెమ్మ యాడికెల్లి పడ్తది?"

నాకు పంతం వచ్చింది. ఆట ఆపించి, అరుగు అంచున సుద్దతో గీతలు గీస్తూ ఆమెతోనే 200 సార్లు వేయించాను. పెద్దమ్మ మధ్యలో లేచి వెళ్లిపోయింది. చివరికి అష్ట 23, ఒకటి 66, రెండు 71, మూడు 34, చెమ్మ 6. అంటే 800 గవ్వల్లో 334 మాత్రమే నోరు పైకి పడ్డాయి. సమానంగా పడే గవ్వలైతే 400 దగ్గర ఉండాలి, పదిహేను అటూ ఇటూ అయితే మామూలే అనుకోవచ్చు, 66 తేడా మామూలు కాదు. గవ్వ వీపు ఉబ్బెత్తు, నోటి వైపు చదును. చదునుగా ఉన్న వైపు కిందికి పోతే కుదురుగా కూర్చుంటుంది. డెబ్బై ఏళ్లుగా ఆడుతున్న మనిషికి నేను సగం సగం అని పాఠం చెప్పాను.

గవ్వలే కాదు, పాచికలూ అంతే. 1894లో వెల్డన్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త పన్నెండు పాచికలను 26,306 సార్లు వేసిన లెక్క రాసిపెట్టాడు. 3,15,672 పాచికల్లో 5 గానీ 6 గానీ పడ్డవి 1,06,602. సరిగ్గా మూడో వంతు అయితే 1,05,224 ఉండాలి. గుంటలు ఎక్కువ తవ్విన ముఖం తేలికై పైకి వస్తుందని సాధారణంగా చెప్తారు. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో, ఉండాల్సిన లెక్కకూ పడిన లెక్కకూ తేడా మామూలేనా కాదా అని తేల్చే కై-స్క్వేర్ పరీక్ష ప్రకటించినప్పుడు పరీక్షించి చూపిన లెక్కల్లో ఇదీ ఒకటి. ఆయన దగ్గరా కంప్యూటర్ లేదు, మా నాయినమ్మ దగ్గరా లేదు.

మీ ప్రశ్నకు వస్తాను. అర్రేగా ఆలోచిస్తే వేసినవన్నీ కళ్ల ముందు పట్టికలో పరుచుకుని ఉంటాయి. లూప్‌లో వేసింది వేసినట్టే మాయమై కౌంటర్ ఒక్కటే మిగులుతుంది, నేను చీటీలు తీస్తున్నానన్న సంగతి అందులో దాక్కుంది. ఏపీఎల్‌లో ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది. కెన్నెత్ ఐవర్సన్ 1962 నాటి పుస్తకంలో పెట్టిన గుర్తుల నుంచి పుట్టిన భాష అది. అందులో పాచిక వేయడానికి గుర్తు ప్రశ్నార్థకమే: ?6 అని కొడితే ఒక పాచిక, దాని పేరు రోల్. అదే గుర్తుకు ఎడమ పక్క కూడా సంఖ్య పెడితే డీల్, అంటే పేకముక్కలు పంచినట్టు, వచ్చింది మళ్లీ రాదు. ఇక లెక్కపెట్టడం అచ్చం ఉపాధి హామీ పనుల మస్టర్ లాగే. ఎడమ పక్క పేర్ల బదులు 1 నుంచి 6, పైన తేదీల బదులు పడిన వెయ్యి పాచికలు. సరిపోలిన గడిలో 1, లేనిచోట 0. ఒక్కో పేరు వరస అడ్డంగా కూడితే ఎవరికెన్ని పనిదినాలో తేలుతుంది. పాలమూరు, నల్గొండ జిల్లాల్లో మస్టర్ చూడని ఇల్లు తక్కువ. ఈ పోలిక ఒక్క లెక్చరరైనా చెప్పి ఉంటే ఏపీఎల్ గుర్తులు చూసి అంత టెన్షన్ పడేవాళ్లం కాదు.

చెప్పరు. మా ల్యాబులో సీనియర్ల రికార్డు చూసి ఎక్కించడమే చదువు. ఒకసారి నా ఫ్రెండ్ పాచిక వేయడానికి, రెండు హద్దుల మధ్య ఏదో ఒక సంఖ్య తీసే నంపై రాండ్‌ఇంట్‌కు 1, 6 అని ఇచ్చాడు. నంపైలో పై హద్దు లెక్కలోకి రాదు, 7 అని ఇవ్వాలి. పైథాన్ సొంత రాండ్‌ఇంట్‌లో మాత్రం 6 అంటే 6 కూడా వస్తుంది. ఒకే పేరుకు రెండు రకాల తీరు పెట్టిన మహానుభావులకు దండం. వాడి పట్టికలో 6 ఒక్కసారీ పడలేదు. ల్యాబ్ సార్ చూసి, "ర్యాండమ్ కదా, పడకపోవచ్చు" అని సంతకం పెట్టేశారు. మంచి పాచిక వెయ్యిసార్లు వేస్తే ఒక్క 6 కూడా పడకపోయే అవకాశం రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 79 సున్నాలు పెట్టాలి. మా నాయినమ్మ అయితే సంతకం పెట్టేది కాదు.

నాయినమ్మతో గవ్వలు వేయించిన ఆ సాయంత్రమే, 800కు 334 లెక్కన గడిలో 1 పడే అవకాశం సగం నుంచి 0.42కు తగ్గించి మళ్లీ నడిపాను. పదివేలల్లో అష్ట 1100 దాటింది, చెమ్మ 300 దగ్గర ఆగింది. నాయినమ్మ విని "ఇగ జర నయం" అంది. అయితే నాలుగు గవ్వలూ ఒకే తీరుగా పడతాయనుకోవడం నా బద్ధకం. నంపైలో నాలుగు సంఖ్యల వరస ఒకటి ఇస్తే బ్రాడ్‌కాస్టింగ్ అనే పద్ధతిలో పదివేల వరసల్లోనూ ఏ గవ్వకు ఆ సంఖ్య వర్తిస్తుంది. దానికి ఒక్కో గవ్వను విడిగా వేసి లెక్క రాసుకోవాలి. ఆ గవ్వలను హైదరాబాద్ తీసుకుపోతానని అడిగాను. అవి ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నవట, ఇవ్వలేదు.