భోజనం ముందు ప్రార్థన ఎవరు చేస్తారో ఇప్పుడే తేల్చుకో

అమ్మాయీ,

ఈసారి క్రిస్మస్‌కి అందర్నీ మీ ఇంటికే పిలుస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ నాన్ననీ, బాబాయినీ కూడా. మా తరంలో ఒక్కరికీ రాని ధైర్యం నీకొచ్చినందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ వదిన ఇంకో మాట కూడా చెప్పింది. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక అందరి ముందూ అన్నదమ్ములిద్దరి చేతులూ కలిపిస్తావట. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ ఒక్కటీ వద్దమ్మా.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. భోజనం ఆలస్యం చేయకు, ఆకలి మీదున్నవాళ్లకి చిన్న మాట కూడా పెద్దగా తగులుతుంది. పడనివాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టకు. ఎన్నింటికి మొదలో, ఎన్నింటికి ముగింపో ముందే చెప్పు. పనులన్నీ నెత్తినేసుకోకు. నువ్వు అలిసిపోతే ఆ ఇంట్లో మొదటి గొడవ నీ నోటి నుంచే వస్తుంది, నీ సంగతి నాకు తెలుసు.

ఇక ప్రార్థన సంగతి. మీ పెదనాన్న, బాబాయి ఎందుకు విడిపోయారని అడిగితే ఆస్తి గొడవలని మీకెవరో చెప్పి ఉంటారు. ఆస్తి తర్వాత వచ్చింది. అసలు సంగతి జరిగింది ఒక క్రిస్మస్ భోజనం ముందు. అప్పటికి నీకు ఊహ తెలియదు.

అప్పుడు మా అమ్మ మంచం మీద ఉంది. పెద్దన్నయ్యే చూసుకునేవాడు. రాత్రుళ్లు నిద్రలేక మనిషి సగమైపోయాడు. మీ బాబాయి ఉద్యోగం వదిలి రాలేక డబ్బు పంపేవాడు. ఇద్దరి కష్టమూ నిజమే. ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయేది. ఆ పండక్కి అందరం చేరాం, భోజనానికి కూర్చున్నాం, తలలు వంచాం. పెద్దన్నయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. ముందు కృతజ్ఞతలు చెప్పాడు. ఆ తర్వాత గొంతు మారింది. ‘ప్రభువా, కన్నతల్లిని డబ్బుకి అప్పగించి చేతులు దులుపుకున్నవాళ్ల రాతి గుండెలు నువ్వే కరిగించు’ అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

అందులో ఉన్న అన్యాయం ఏమిటో చూడు. ఎవరైనా మొహం మీద ఒక మాటంటే తిరిగి ఒక మాట అనొచ్చు. ప్రార్థనలో అంటే ఏం చేస్తాడు? నోరు తెరిస్తే దేవుడి మాటకి అడ్డొచ్చినట్టు. కళ్లు తెరిస్తే భక్తి లేనట్టు. మీ బాబాయి ఆమెన్ అనేదాకా ఆగాడు. తర్వాత లేచి పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మీ నాన్న వెనకనుంచి, ‘ప్రార్థన చేస్తే కోపమెందుకురా?’ అన్నాడు. పెద్దన్నయ్య ప్రార్థన కన్నా ఆ మాటే మీ బాబాయికి ఎక్కువ గుచ్చుకుంది. లోపలి గదిలో అమ్మ అంతా విన్నది. ఏమీ అనలేదు.

పెద్దన్నయ్య చెడ్డవాడు కాదమ్మా. నాకు అక్షరాలు దిద్దించినవాడు. తన భారం దేవుడి మీద వేస్తున్నాననే అనుకున్నాడు. కానీ వేసింది తమ్ముడి మీద. ఆయన పోయినప్పుడు మీ బాబాయి సమాధి దగ్గరికి వచ్చి అందరి వెనకా నిలబడ్డాడు, మట్టి వేసి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఈ సంగతి నీకు రాస్తుంటే ఇప్పటికీ నాకు పెద్దన్నయ్య మీద కోపం వస్తోంది. కోపం వచ్చేటప్పటికి ఏడుపు కూడా వస్తోంది.

లూకా 10వ అధ్యాయంలో మార్త చేసిందీ ఇదే. చెల్లెలు మరియ పనిలో సాయం రాలేదని ఆమెకి కోపం. అది మరియతో చెప్పలేదు. ఆమె పక్కనే ఉండగా యేసుప్రభువుతో చెప్పింది, నాకు సాయం చెయ్యమని దానికి నువ్వే చెప్పు అని. ప్రభువు మరియని మందలించలేదు. నువ్వు అనేక పనుల గురించి తొందరపడుతున్నావని మార్తనే మెత్తగా సరిదిద్దాడు. మన తగాదాలోకి దేవుణ్ణి మన పక్షాన లాగితే ఆయన రాడు.

అందుకని భోజనం ముందు ప్రార్థన పెద్దవాళ్లకి ఇవ్వకు. నువ్వే చెయ్యి, లేదా పిల్లల్లో ఒకరితో చేయించు. కృతజ్ఞతలు మాత్రమే ఉండాలి, ఎవరి కోసమూ విన్నపాలు వద్దు. సాయంత్రం వాక్యం చదవాలనుకుంటే లూకా 2వ అధ్యాయం చదవండి, లేదా 103వ కీర్తన. క్షమాపణ మీద ప్రత్యేకంగా వెతికి ఒక వచనం మాత్రం తేవద్దు. అది ఎవరికోసం తెచ్చావో అందరికీ తెలిసిపోతుంది.

చేతులు కలిపించే సంగతికి వస్తాను. యోసేపు, తనని చిన్నప్పుడు అమ్మేసిన అన్నలకి తానెవరో చెప్పే ముందు ఏం చేశాడో గుర్తుందా? అక్కడున్న వాళ్లందర్నీ బయటికి పంపేశాడు. ఐగుప్తులో అంత అధికారం ఉన్నవాడు, దర్బారు నిండా జనం ముందు ‘నేను క్షమించాను’ అని చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు. తన సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పమని మత్తయి 18:15లో ప్రభువు అన్నదీ అదే. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతూ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, ముందు వెళ్లి సమాధానపడి తర్వాత రమ్మన్నాడు. అంటే సమాధానపడే పని పండగకి ముందు జరగాలి, పండగ రోజు వేదిక మీద కాదు. అందరూ చూస్తుండగా చెయ్యి చాపమంటే మీ నాన్న పరువు కోసం చాపుతాడు, మీ బాబాయి మొహమాటం కోసం పట్టుకుంటాడు. మర్నాడు ఇద్దరికీ నీ మీదే కోపం.

ఇంకోటి. ఒకరొస్తున్నారని ఇంకొకరికి చెప్పకుండా దాచావా? దాచితే ఈరోజే చెప్పేయ్. వచ్చాక ఆశ్చర్యపడి కరిగిపోతారని అనుకుంటున్నావేమో. సొంత మనుషులు మోసం చేశారనుకుంటారు.

ఆస్తి మాట ఎత్తేవాళ్లు ఒకరైనా ఉంటారు. మా అన్నతో ఆస్తి పంచిపెట్టమని చెప్పు అని ఒకడు అడిగితే, పంచిపెట్టేవాడిగా నన్నెవరు నియమించారని ప్రభువే తప్పుకున్నాడు. నువ్వూ తప్పుకో. ‘పండగయ్యాక మాట్లాడుకుందాం’ అని లేచి ఏదైనా తేవడానికి వెళ్లు.

మీ పెద్దత్త కొడుకు ఉన్నాడుగా, డిసెంబరు 25 బైబిల్లో లేదని ప్రతి పండక్కీ పండగ భోజనం తింటూనే చెబుతాడు. నిజమే, లేదు. రోములో క్రీ.శ. 336 నాటికే ఆ తేదీన జరుపుకున్నారని పాత పట్టిక ఒకటి చెబుతుంది, అర్మేనియా సంఘం జనవరి 6న చేసుకుంటుంది. నాకివన్నీ తెలుసు. ఆ రోజు మాత్రం నేను నోరెత్తను, నువ్వూ ఎత్తకు. ఒకడు ఒక రోజుని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని రోజుల్నీ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్లు రూఢిపరచుకోవాలని పౌలు రోమీయులకి రాశాడు. బాప్తిస్మం ముంచి ఇవ్వాలా చిలకరించి ఇవ్వాలా అనే చర్చ వచ్చినా అంతే. గెలిచేవాడు ఉండడు, భోజనం చల్లారిపోతుంది.

క్షమించడమంటే అన్నీ భరించడం అనుకోకు. ఎవరైనా తాగి వస్తే, పిల్లల మీదో ఆడవాళ్ల మీదో చెయ్యెత్తితే, వాళ్లని బయటికి పంపేయ్. సమస్త మనుషులతో సమాధానంగా ఉండమన్న పౌలే దానికి ముందు ‘శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు’ అన్నాడు. నీ చేతిలో లేని దానికి నిన్ను నువ్వు నిందించుకోకు. నువ్వు చిన్నప్పుడు కూడా అమ్మానాన్న గట్టిగా మాట్లాడుకుంటే నీదే తప్పన్నట్టు మూల కూర్చునేదానివి. అది నాకు తెలుసు గనుకే రాస్తున్నాను.

మీ బాబాయి రాకపోయినా నీ విశ్వాసం ఓడిపోయినట్టు కాదు. మార్కుని వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న విషయంలో పౌలూ, తోటి సేవకుడు బర్నబా అంత భక్తులై ఉండి కూడా తీవ్రంగా వాదించుకుని చెరో దారిన పోయారు. చాలా కాలానికి, చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి రాసిన ఉత్తరంలో, మార్కుని వెంటబెట్టుకు రా, నాకు పనికొస్తాడు అన్నాడు. మధ్యలో ఏం జరిగిందో బైబిలు వివరంగా చెప్పదు. ఒక పండగ పూటలో మాత్రం జరగలేదు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ‘కోపమెందుకురా’ అన్న మాట సంగతి ఆయన దగ్గర ఎత్తగలిగేది ఇప్పుడు నేనొక్కదాన్నే. మీ బాబాయికి నువ్వు ఫోన్ చెయ్యి, మెసేజ్ పెట్టకు. అన్నయ్యతో మాట్లాడమని అడగకు. నాన్న కూడా వస్తున్నాడు, మీరు రావాలని నాకుంది బాబాయ్, అని చెప్పి ఊరుకో. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక చెయ్యి. ఆయన ఏమన్నా సరే, నాకు మాత్రం ఆ రాత్రికే చెప్పు.

నీ మేనత్త