నాన్నగారి స్కూటర్ తాళం

ప్రశ్న: మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ. నాన్నగారికి 73 ఏళ్లు, పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఆయన పొద్దున్న రైతుబజారుకు, సాయంత్రం హైవే దాటి హెచ్‌బీ కాలనీలో స్నేహితుడి ఇంటికి స్కూటర్ మీద వెళ్లివచ్చేవారు. నెల కిందట రాత్రి ఏడున్నరకు ఇసుకతోట దగ్గర ఎదురు లైటు కళ్లలో పడి, డివైడర్‌కు తగిలి పడిపోయారు. మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. భయపడి తాళం దాచేశాను. పన్నెండు రోజులుగా నాతో మాటల్లేవు, కానీ రోజూ పొద్దున్నే ఆ బండిని పాత తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నారు. మొన్న చెప్పకుండా నడిచి వెళ్లి హైవే మధ్యలో నిలబడిపోతే పక్కింటివారు చూసి తీసుకొచ్చారు. హైదరాబాదులో ఉన్న చెల్లెలు బండి అమ్మేయమంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ భయంలో తప్పు లేదు. తాళం దాచిన పద్ధతి మాత్రం తప్పు. అమ్మగారు పోయాక ఆయన రోజును నిలబెట్టినవి పొద్దున్న కూరల సంచి, సాయంత్రం స్నేహితుడి అరుగు, ఈ రెండే. మీరు తీసుకున్నది బండి తాళమే అయినా, ఆయనకు పోయినవి ఆ రెండూ. మా మామగారి విషయంలో నేనూ ఒకప్పుడు ఇలాగే చేసి, ఆరు నెలలు ముభావపు ముఖం చూశాను కనుక ఈ మాట కాస్త గట్టిగా చెబుతున్నాను.

అంతకంటే ముఖ్యమైనది మొన్నటి సంగతి. బండి ఆపితే ప్రమాదం తప్పిందని మీరు అనుకున్నారు. ఆయన ఆ ప్రమాదాన్ని కాలినడకన, ఇంకా దగ్గరగా ఎదుర్కొన్నారు. మన ఊళ్లో 16వ నంబరు జాతీయ రహదారి గాజువాక నుంచి మధురవాడ దాకా ఇళ్ల మధ్య నుంచే పోతుంది. లారీలు, బస్సులు, కాలేజీ కుర్రవాళ్ల బైకులు అన్నీ అదే దారిన వస్తాయి. నడిచేవారి సిగ్నల్ సమయాన్ని సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కన కడతారు. ఆ లెక్కన 15 మీటర్లు దాటడానికి పన్నెండున్నర సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దాయనకు దాదాపు 19 సెకన్లు పడుతుంది. నాన్నగారు మధ్యలో నిలబడిపోవడం మతిమరుపు వల్లనో మొండితనం వల్లనో అయి ఉండనక్కరలేదు, లెక్క ఆయన కాళ్లకు సరిపడి ఉండకపోవచ్చు. అందుకే ఆకుపచ్చ వెలుగుతుండగా చివర్లో దిగవద్దనీ, ఆగి కొత్తగా వెలిగినప్పుడే అడుగు వేయమనీ, ఆలస్యమైతే డివైడర్ దగ్గర నిలబడి తరువాతి సిగ్నల్‌కు మిగతా సగం దాటమనీ చెప్పాలి. ఒకటి రెండు సాయంత్రాలు మీరూ పక్కన నడిచి చూడండి. చేయి పట్టుకోబోతే ఆయనకు నచ్చకపోవచ్చు, ట్రాఫిక్ వచ్చే వైపున నడిస్తే చాలు.

ఇక బండి సంగతి. ఆయన పడింది రాత్రి, ఎదురు లైటు వల్ల అని మీరే రాశారు. అరవై ఏళ్ల వ్యక్తి రెటీనాకు చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల వ్యక్తికి చేరేదానిలో సుమారు మూడో వంతే ఉంటుంది. దానికి శుక్లం తోడైతే లైటు చెదిరి, కాసేపు ఎదురుగా ఏముందో తెలియదు. కాబట్టి ముందుగా కంటి పరీక్ష చేయించండి. పెద వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి మీకు దగ్గరే. శుక్లమే అయితే ఆపరేషన్ తరువాత చూపు బాగుపడే అవకాశం చాలా ఎక్కువ. అదే సందర్భంలో ఆయన వేసుకుంటున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి. నిద్రమాత్రల మత్తు మరునాడు పొద్దున దాకా ఉండవచ్చు, కొన్ని జలుబు మాత్రలు పగలే మగత తెస్తాయి, బీపీ మాత్రల వల్ల లేవగానే కళ్లు తిరగవచ్చు. మెడ పక్కకు ఎంత తిరుగుతోందో కూడా చూడమనండి, ఎందుకంటే వెనక వచ్చే బండిని చూడాలంటే మెడ తిరగాలి.

లైసెన్సు గడువు కూడా చూడండి. 55 ఏళ్లు దాటినవారికి ఒకసారికి ఐదేళ్లకే రెన్యువల్ చేస్తారు, దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. గడువు దాటితే, ప్రమాదం జరిగిన నాడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది. నిర్ణయం కొడుకు నోటి నుంచి కాక డాక్టరు నోటి నుంచి వస్తే, ఆయన అంగీకరించడం తేలిక.

ఈ రోజే తాళం ఆయన చేతికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, "నాన్నగారూ, మీకు చెప్పకుండా దాచడం నాదే తప్పు. రాత్రి పూట, హైవే మీద మాత్రం నాకు భయంగా ఉంది. కళ్లు చూపించుకునే దాకా బండి తీయవద్దు" అని అడగండి. పిల్లల ముందు, పక్కింటివారి ముందు అనకండి. పరీక్షలో ఫరవాలేదంటే పగటి పూట, కాలనీ లోపలి వీధుల్లో, పట్టీ బిగించిన హెల్మెట్‌తో రైతుబజారు దాకా వెళ్లనివ్వవచ్చు. హెచ్‌బీ కాలనీకి మాత్రం తెలిసిన ఆటో అబ్బాయిని నెలకు ఇంత అని మాట్లాడి, ఆ డబ్బు నాన్నగారి చేతితోనే ఇప్పించండి. జేబులో మీ ఫోన్ నంబరు, ఆయన మాత్రల పేర్లు రాసిన చీటీ ఉంచండి.

డాక్టరు వద్దన్నా, బండి మీద కొత్త గీతలు కనిపిస్తున్నా, రోజూ వెళ్లే దారి మరచిపోతున్నా ఇక మెతకగా ఉండకండి; అప్పుడు ఆయన కోపం కంటే ఆయన ప్రాణమూ, ఎదుటివారి ప్రాణమూ ముఖ్యం.

అమ్మేయడం గురించి మీ చెల్లెలితో ఇప్పట్లో మాట్లాడవద్దని చెప్పండి. బండి నడపడం మానుకున్నాక కూడా కొన్నాళ్లు అది వాకిట్లోనే ఉంటే నష్టమేమీ లేదు. పొద్దున్నే దాన్ని తుడుస్తున్నప్పుడు మీరు కాఫీ గ్లాసుతో వెళ్లి పక్కన కూర్చోండి, ముందు ఆయన మాట్లాడకపోయినా సరే.