చప్పట్లు తీసెయ్

చిరంజీవికి,

కథ రెండుసార్లు చదివాను. కిప్పా, అదే యూదుల చిన్న టోపీ, జారకుండా క్లిప్పు పెట్టుకుంటూ ఆ కుర్రాడు అద్దంలోంచి తలుపు గడియ వైపు చూస్తాడే, అక్కడ ఆగిపోయాను. ఆ భయం నిజం. కానీ చివర్లో న్యూయార్క్ సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనామందిరంలో, వాణ్ణి వేదిక ఎక్కించి, "నేను గే, నేను యూదుణ్ణి" అని ఉపన్యాసం చెప్పించి, సభ మొత్తం చేత చప్పట్లు కొట్టించావు. కోపం వచ్చింది. "సందేశం ఏదీ?" అని అడిగే సంపాదకులు అంటించిన జబ్బు ఇది. ముప్పై ఏళ్లుగా కొత్తవాళ్ల కథలకి తోక కుట్టిస్తున్నారు.

సిగ్గరి పిల్లాడికి ధైర్యం ఉపన్యాసంతో రాదు, ఒక పని చేతికి లొంగితే వస్తుంది. వాడిచేత తోరా, అంటే చుట్టగా ఉండే యూదుల హీబ్రూ ధర్మగ్రంథం, చదివించు. ఆ చుట్టలో అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు, వచనం ముగిసిందని చెప్పే చుక్క కూడా ఉండదు. ఇంట్లో తిక్కున్ అనే పుస్తకం పెట్టుకుని సాధన చెయ్యాలి. ఒక వరుసలో గుర్తులతో, పక్క వరుసలో చుట్టలో ఉన్నట్టే బోసిగా ఉంటుంది. గుర్తులున్న వైపు పాడి, దాన్ని చేత్తో మూసి, బోసి వైపు పాడాలి. భయస్తుడు తప్పేది ఎత్నఖ్తా దగ్గర. వచనం మధ్యలో ఆగాల్సిన చోటది. త్వరగా అయిపోతే చాలని ఆగకుండా పరిగెత్తుతాడు, అర్థం ముక్కలవుతుంది.

మొదటిసారే తోరా దగ్గరికి ఏడుగురిని పిలిచే శనివారం వద్దు. సోమ, గురువారాల్లో ముగ్గురినే పిలుస్తారు, జనం పలచగా ఉంటారు. చెరో పక్కన నిలబడి చదువు సరిచూసే గబ్బాయ్‌లు, అర్థం మారేలా మాట తప్పితే అందరి ముందే సరిదిద్దుతారు. వాడు ఆ మాట మళ్లీ పలికి, వెండి యాద్‌ని, అంటే అక్షరాలు చూపించే పుల్లని, తరవాతి మాట మీదికి జరపాలి. నీ కథ అక్కడుంది. యాద్ కొసన బుల్లి చూపుడువేలు ఉంటుంది. అది వణకడం రాయి, గుండెదడ రాయకు. అయ్యాక "యషర్ కోఆఖ్" అని అభినందిస్తూ చేయి కలుపుతారు, అంతే.

రబ్బీని, అంటే యూదుల మతగురువుని, గడ్డం విలన్ని చేశావు. ఏ శాఖ రబ్బీ? రిఫార్మ్ శాఖ వాళ్లు గే రబ్బీలను 1990లోనే ఒప్పుకున్నారు. కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం 2006 డిసెంబరులో గే రబ్బీలకు సరేనన్న రోజే వద్దన్న అభిప్రాయాన్నీ చెల్లుబాటు చేసింది. కుర్రాణ్ణి అక్కడ పెట్టు. వద్దనే రబ్బీయే పక్కన కూర్చుని వాడికి రాగం నేర్పనీ.

యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం సంప్రదాయంగా తోరాలోని లేవీయకాండం 18వ అధ్యాయం చదువుతారు. మగవాడు మగవాడితో శయనించకూడదనే 22వ వచనం అందులోదే. అప్పుడు వాణ్ణి ఏడిపించి బయటికి పంపకు. కూర్చుని విననీ. ఆ వచనంలోనూ ఒక ఎత్నఖ్తా ఉంది. చదివేవాడు ఎక్కడ ఆగాలో వాడికి ఇప్పుడు తెలుసు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు